పద్నాలుగో రాత్రి

సాయంత్రం ఆరింటికి బయల్దేరతాను.
చేతిలో అట్ట, అట్టకి దారంతో కట్టిన పెన్సిలు,
ఇనప గొట్టంలోంచి తీసిన అద్దె కవర్లు.
ఐడహో కొండల్లో ఈ ఏటి గట్టున
ఇరవై రెండు స్థలాలు, ఇవాళ ఇరవై పొగలు.

మూడులో బస్సంత బండి. మీట నొక్కితే
దాని డొక్కలోంచి ఇంకో గది సొరుగులా జరిగొస్తుంది.
లోపల టీవీలో ఎవరో చేపలు పడుతున్నారు,
ఇంటిల్లిపాదీ చూస్తున్నారు.
వెనక కిటికీ అవతల ఒక ట్రౌట్ ఎగిరి పడింది.
నేను చూశాను, అంతే.

ఏడులో కొత్త జంట. గుడారం కర్రలు కలవక
ఒకరి మీద ఒకరు విసుక్కుంటున్నారు.
కలుస్తాయి. నేను కల్పించుకోను.
పదకొండు వాళ్ళకి మళ్ళీ చెప్పాను:
తేనె సీసా బల్ల మీద వదిలేస్తే
రాత్రి వచ్చేవి చీమలు కావు.

పద్దెనిమిది దగ్గర నా కాళ్ళు నెమ్మదిస్తాయి.

వెల్డా బండికి నలభై ఏళ్ళు.
కప్పు మీద నీలం పట్టా, పట్టా మీద పైన్ సూదులు,
మెట్టు పక్కన కాఫీ డబ్బాలో పుదీనా.
రంపం మిల్లు మూతపడేదాకా అక్కడ వంట చేసింది.
ఆ మిల్లుకి దుంగలు తోలిన లారీల్లో నాదొకటి.
ఎదురు కొండ బట్టతలలో నాకూ వాటా ఉంది.
మిల్లు ఇచ్చిన ఇంటిని మిల్లే తీసేసుకుంది,
అప్పట్నించీ ఆమె ఏటి వెంటే.

మే నెలలో బోర్డుకి రంగు వేసింది నేనే:
ఒకే చోట పద్నాలుగు రాత్రులు మించి ఉండరాదు.
అందుకని ఎగువ క్యాంపులో ఓ పక్షం, ఇక్కడో పక్షం.
పక్షం పెరిగి పక్షం తరిగే చంద్రుణ్ణి కూడా
అటవీశాఖే తరుముతోందేమో, ఎవరు చూడొచ్చారు.

"కూర్చో ఆర్విడ్. లెక్క తర్వాత రాసుకుందువుగాని."
కాఫీ పోసింది. హకిల్‌బెర్రీలు ఏరి ఏరి
వేళ్ళు ఊదారంగుకి తిరిగాయి.
కొండ అవతల అడవి అంటుకుని నాలుగు రోజులు,
సూర్యుడు చెల్లని రాగి నాణెంలా ఉన్నాడు.
జూన్‌లో వరద తాకిన చోట రాతి మీద
తన గోళ్ళరంగుతో గీసిన గీత చూపించింది.
ఇప్పుడు నీరు దానికి మూడు జానలు కింద.
"ఏరు కూడా ఖాళీ చేస్తోంది చూడు," అంది.
నవ్వాలో లేదో తెలీక కాఫీ ఊదుకున్నాను.

ఇంకొక్క రాత్రి అని ఆమె ఎప్పుడూ అడగలేదు.
నా పెన్సిలు వెనక రబ్బరు
ముందున్న ములుకు కంటే త్వరగా అరిగింది.
ఎందుకని రేంజరూ అడగలేదు.
నా ట్రైలర్లో దీపం దగ్గర కూర్చుని
పద్నాలుగుని పదమూడు చేశాను.
ప్యాంటు మీద పడ్డ రబ్బరు పొట్టు దులుపుకున్నాను,
అలవాటైన దొంగలా.

పదింటికి జనరేటర్లు ఆగాయి.
అప్పుడు గాని ఏరు వినపడదు.
మాట్లాడుతుందని అంటారు. మాటలు కావవి.
ఎవరో నిద్రలో పక్కకి ఒత్తిగిలి
గులకరాళ్ళని మీదికి లాక్కుంటున్నట్టు.

పొద్దున పద్దెనిమిది ఖాళీ.

గడ్డిలో నాలుగు పాలిపోయిన మచ్చలు,
గుంటలో నీళ్ళు పోసి కలిపిన బూడిద,
గొట్టంలో కవరు. ఆ రాత్రి అద్దె,
స్నానాల గదికి దాచుకునే చిల్లరతో సహా,
ఒక్క సెంటు తక్కువ కాకుండా.
కవరు మీద పొందిగ్గా రాసి ఉంది: పద్నాలుగు.
నాకంటే ఆమెకే లెక్కలొచ్చు.

అక్టోబరు పదిహేనున నేను గేటుకి తాళం వేయాలి.
వేసేటప్పుడు లోపలి వైపు ఉండను.
ఎక్కడికెళ్తావని ఎవరైనా అడిగితే
ఎగువకి అనాలో దిగువకి అనాలో
ఇంకా అనుకోలేదు.

డబ్బా పెట్టిన చోట ఒక పుదీనా కొమ్మ
నేలలో నిలబడి ఉంది.
విరిగి పడిందో, గుచ్చి వెళ్ళిందో.
మధ్యాహ్నం వచ్చేవాళ్ళు టైరు ఎక్కించకుండా
చుట్టూ ఏటిరాళ్ళు పేర్చి,
అట్ట తీసి రాశాను:
పద్దెనిమిది. మొదటి రాత్రి.